బైబిల్ యాప్‌లో ఈస్టర్ పాఠాలు సోమవారం వస్తున్నాయి, ఎవరైనా సాయం చేయండి

మెదక్ యువజన: అందరికీ వందనాలు. సాయంత్రం నుంచి దీని మీదే కూర్చున్నాను, తల పగిలిపోతోంది. మా సంఘం కోసం చేసిన అనుదిన పాఠాల్లో ఇవాళ, 2026 ఏప్రిల్ 20 సోమవారం, పునరుత్థాన పండుగ పాఠాలు వచ్చాయి. పండుగ అయి రెండు వారాలు దాటింది. అసలు పండుగ రోజున, ఏప్రిల్ 5న, శ్రమ దినాల పాఠం చూపించింది! పెద్దవాళ్లు ఫోన్లు తెచ్చి చూపిస్తున్నారు, అయ్యగారు అడుగుతున్నారు. ఫోన్లో తేదీ సరిగ్గానే ఉంది. యాప్ తీసేసి మళ్లీ వేశాను. పోయినేడు అంతా కరెక్టుగా వచ్చింది. చాలా టెన్షన్‌గా ఉంది.

కోడ్ పని: ఏ ఫార్మాట్? ఏ పట్టిక చూసి చేశారు? అవి చెప్పండి ముందు.

ఒంగోలు బాప్టిస్టు: బ్రదర్, కొలొస్సయులకు 2:16 చదవండి, పండుగల విషయంలో ఎవరూ మీకు తీర్పు తీర్చకూడదని ఉంది. ఫలానా రోజున ఫలానా పాఠమే చదవాలని అపొస్తలులు ఎక్కడా రాయలేదు. బైబిల్లో 1189 అధ్యాయాలు. రోజుకు మూడు, ఆదివారం ఐదు చదివితే ఏడాదికి పూర్తవుతుంది. ఏ తేదీతోనూ పేచీ ఉండదు. యువకులకు ఇది నేర్పండి.

గుంటూరు లూథరన్: అన్నా, రోమీయులకు 14:5, 6 కూడా చదవండి. దినాన్ని పాటించేవాడు ప్రభువు కోసమే పాటిస్తున్నాడు. శ్రమ దినాల్లో ఊరంతా ఒకే పాఠం వినడంలో ఉన్న బలం వేరు. దాన్ని తీసిపారేయకండి.

మెదక్ యువజన: స్వోర్డ్ మాడ్యూల్ అండి (బైబిల్ యాప్‌లు చదివే ఒక రకం ఫైల్), రోజువారీ ధ్యానాల రకం. 2025 సీఎస్ఐ (దక్షిణ ఇండియా సంఘం) ఆల్మనాక్, అంటే ఏటి పాఠాల పట్టిక, చూసి టైప్ చేశాం. ఆ రోజు జరిగిన సంఘ చరిత్ర కూడా అందులోనే కింద కలిపాం.

కోడ్ పని: యాప్‌లో తప్పు లేదు. ఆ రకం మాడ్యూల్లో కీ (పాఠాన్ని వెతికే గుర్తు) అంటే నెల, తేదీ మాత్రమే. 04.20 అని ఉంటుంది, సంవత్సరం ఉండదు. 2025లో ఈస్టర్ ఏప్రిల్ 20న వచ్చింది కాబట్టి ఆ పాఠాలు ఆ తేదీకి అతుక్కుపోయాయి. 2027లో మార్చి 28, 2028లో ఏప్రిల్ 16. ఏ సెట్టింగ్ మార్చినా ఇది సరికాదు.

మీ ఫైల్‌ను రెండుగా విడదీయండి. క్రిస్మస్, సంఘ చరిత్ర లాంటివి తేదీతో ఒకటి. కదిలే పండుగలకు తేదీ రాయకుండా ఈస్టర్ నుంచి ఎన్ని రోజులో రాసి ఇంకొకటి: భస్మ బుధవారం -46, మట్టల ఆదివారం -7, ఆరోహణం +39, పెంతెకొస్తు +49. పైథాన్‌లో డేట్‌యుటిల్ లైబ్రరీకి సంవత్సరం ఇస్తే ఈస్టర్ తేదీ అదే చెబుతుంది. చిన్న స్క్రిప్టు రెండు పట్టికలూ కలిపి ఆ ఏటి ఫైల్ తయారు చేస్తుంది, దాన్ని మాడ్యూల్‌గా మార్చి ఏటా పంచండి. మాడ్యూల్ వివరాలుండే కాన్ఫ్ ఫైల్లో వెర్షన్ నంబరు పెంచడం మర్చిపోవద్దు, లేకపోతే ఫోన్లకు అప్‌డేట్ కనబడదు.

ఆగమన కాలాన్ని మాత్రం ఈస్టర్‌తో లెక్కించకండి. అది క్రిస్మస్‌కు ముందు నాలుగో ఆదివారం. ఈ ఏడు నవంబరు 29. మూడేళ్లకోసారి తిరిగొచ్చే పాఠాల పట్టిక వాడే సంఘాలకైతే పాఠాల ఏడాది కూడా ఆ రోజే మారుతుంది, జనవరి 1న కాదు.

ఒంగోలు బాప్టిస్టు: శ్రమ దినాలు 40 అంటారు కదా, మరి అవి మొదలయ్యే భస్మ బుధవారానికి 46 ఏమిటి?

కోడ్ పని: ఆరు ఆదివారాలు లెక్కలోకి రావు.

గుంటూరు లూథరన్: చరిత్ర గురించి నేనొకటి చెప్పాలి. ఇంటర్నెట్లో దొరికే "చరిత్రలో ఈ రోజు" జాబితాలు ఎత్తి పెట్టకండి. వాటిలో మనవాళ్లు ఉండరు. 1842 జులై 31న లూథరన్ మిషనరీ హయ్యర్ అయ్యగారు గుంటూరు వచ్చారు. 1878 జులై 3న ఒంగోలు దగ్గర గుండ్లకమ్మలో 2,222 మంది ఒక్కరోజే బాప్తిస్మం పొందారు. దోర్నకల్ బిషప్ అజరయ్య 1945 జనవరి 1న ప్రభువు సన్నిధికి వెళ్లారు. మీ మెదక్ చర్చి ప్రతిష్ఠ 1924 డిసెంబరు 25. ఇవి లేని తెలుగు యాప్ ఎందుకండీ?

పాత తేదీలతో ఇంకో చిక్కు. ఇంగ్లండ్ 1752 వరకు పాత (జూలియన్) క్యాలెండర్లోనే ఉంది. మెథడిస్టు ఉద్యమం మొదలుపెట్టిన జాన్ వెస్లీ హృదయం మారిన 1738 మే 24 మన లెక్కకు జూన్ 4. డెన్మార్క్ 1700లోనే మారింది కాబట్టి, ఆ దేశ రాజు పంపిన మిషనరీ సీగన్‌బాల్గ్ తరంగంబాడిలో దిగిన 1706 జులై 9కి ఆ చిక్కు లేదు. జనం జరుపుకునే తేదీనే ఉంచి, పాత లెక్క అని పక్కన గుర్తు పెట్టండి.

ఒంగోలు బాప్టిస్టు: 1878 సంగతి రాసేటప్పుడు దానికి ముందు కరువు గురించీ రాయాలి. 1876-78 కరువులో ఒంగోలు బాప్టిస్టు మిషనరీ క్లౌ అయ్యగారు బకింగ్‌హాం కాలువ తవ్వకం పని కాంట్రాక్టు తీసుకుని జనానికి కూలి, తిండి దొరికేలా చేశారు. అంకె ఒక్కటే రాస్తే చదివేవాళ్లకు ఏం తెలుస్తుంది?

మెదక్ యువజన: తప్పకుండా రాస్తామండి. స్క్రిప్టు నడిచింది, ఈ ఏటి పండుగలు కుదిరాయి. కానీ పెంతెకొస్తు తర్వాత ఆగమన కాలం దాకా ఆదివారాలు పోయినేడు 24, ఈ ఏడు 26 వస్తున్నాయి. సరేనా?

గుంటూరు లూథరన్: 26 కాదు, 25.

కోడ్ పని: మీరు త్రిత్వ ఆదివారం (పెంతెకొస్తు తర్వాతి ఆదివారం) తర్వాత నుంచి లెక్కిస్తున్నారు, మెదక్ ఆయన పెంతెకొస్తు తర్వాత నుంచి. మీ ఆల్మనాక్ ఎలా లెక్కిస్తే అలా పెట్టుకోండి, రెండూ కలపొద్దు. 2027లో ఇంకొకటి పెరుగుతుంది, దానికీ పాఠం సిద్ధంగా ఉంచండి.

గుంటూరు లూథరన్: త్రిత్వం తర్వాత అనడమే పాత పద్ధతి. మా తాతల కాలం నుంచీ అంతే.

మెదక్ యువజన: సరే అండి, థాంక్స్. 2027లో మార్చి 25, మరియమ్మకు దూత వర్తమానం పండుగ, పరిశుద్ధ గురువారం మీద పడుతోంది. ఏది చూపించాలి?

కోడ్ పని: గురువారమే. 2024లో పరిశుద్ధ వారంలో పడితే చాలా సంఘాలు ఏప్రిల్ 8కి జరిపాయి. స్క్రిప్టులో ఏది పెద్ద పండుగో ఒక వరస రాసుకోండి.

మెదక్ యువజన: ఆ వరస సీఎస్ఐకి ఎక్కడైనా రాసి ఉందా అండి?