చిన్న మార్పుకే బెదిరే గుర్రం: దినచర్యను కదల్చకుండా ఉంచాలా, మార్పులను అలవాటు చేయాలా?

గడ్డిమేటు:
నేను చూసుకుంటున్న మగగుర్రం సవారీలో నెమ్మదిగానే ఉంటుంది. కానీ శాలలో నీళ్ల బకెట్టును ఎడమ మూల నుంచి కుడి మూలకు మార్చినా, దాణా వేసే వరుసలో దాని వంతు వెనక్కి జరిగినా, తలుపు దగ్గర నిలబడి బరువును ఒక ముందుకాలి నుంచి మరో ముందుకాలికి మారుస్తూ తల ఊపుతూనే ఉంటుంది. కొన్నిసార్లు దాణా కూడా ముట్టదు. ఏదీ మార్చకుండా చూసుకుంటే అదే సర్దుకుంటుందని శాలలో కొందరు అంటున్నారు. అలా కాపాడుతూ వచ్చినందుకే అది ఇంత సున్నితంగా తయారైందని మరికొందరి వాదన. మీరు ఏ పక్షమో కారణంతో సహా చెప్పగలరు.

పాతరౌతు:
నేను రెండో పక్షం. రౌతు మెత్తనైతే గుర్రం మూడు కాళ్ల మీద నడుస్తుందని పెద్దలు ఊరికే అనలేదు. వేళ, చోటు, వరుస, చివరకు చీపురు ఉండే మూల కూడా మారని శాలలో పెరిగిన గుర్రానికి మార్పు అనేదే ప్రమాద సూచనగా కనిపిస్తుంది. ఏదో ఒక రోజు దాన్ని వాహనం ఎక్కించి వైద్యశాలకు తీసుకువెళ్లవలసి వస్తుంది, లేదా శాలలో నిప్పు అంటుకుని అర్ధరాత్రి బయటికి నడిపించవలసి వస్తుంది. ఆ రోజున దాని దినచర్యను ఎవరు కాపాడతారు? కాబట్టి రోజుకొక మార్పు మనమే చేయాలి, అది గింజుకున్నా వెనక్కి తగ్గకూడదు.

పచ్చికబయలు:
పాతరౌతు గారూ, ఆ సామెత మాట వినని గుర్రం గురించి చెప్పినది. ఇక్కడి గుర్రం మాట వినకపోవడం లేదు, భయపడుతోంది. ఈ రెండింటినీ ఒకే గాట కట్టడం దగ్గరే మీ వాదం దెబ్బతింటోంది.

మనం చిన్నదని అనుకునే మార్పు గుర్రం కంటికి ఎలా ఉంటుందో ముందు చూడాలి. దాని కళ్లు తలకు ఇరుపక్కలా ఉండటం వల్ల దాదాపు 350 డిగ్రీల మేర చుట్టూ కనిపిస్తుంది కానీ, రెండు కళ్లూ కలిసి చూసే భాగం మాత్రం తక్కువ. నీలం, పసుపు ఛాయలను బాగా గుర్తిస్తుంది, ఎరుపును మనలా గుర్తించలేదు. వెలుతురులోంచి చీకట్లోకి వచ్చినప్పుడు దాని చూపు సర్దుకోవడానికి మనకంటే ఎక్కువ సమయం పడుతుంది. ఇలాంటి చూపుతో, పారిపోవడమే ఆత్మరక్షణగా పరిణమించిన జంతువుకు, నిన్న లేని చోట ఈరోజు కనిపించే బకెట్టు కొత్త వస్తువు కిందే లెక్క. తెలిసిన వస్తువునే పక్కకు తిప్పి పెట్టినా కొన్ని గుర్రాలు మళ్లీ మొదటిసారి చూసినట్టే బెదరడం పరిశోధకులు కూడా గమనించారు. అలాగని ఒక కన్ను చూసినది రెండో కంటికి తెలియదనే ప్రచారాన్ని నమ్మనవసరం లేదు, పరీక్షల్లో అది నిలబడలేదు.

వాటి గమనింపు ఎంత సూక్ష్మమో బెర్లిన్‌లోని హాన్స్ అనే గుర్రం ఉదంతం చూపుతుంది. అది గిట్టతో నేలను తడుతూ లెక్కలకు జవాబులు చెబుతోందని జనం అబ్బురపడ్డారు. 1907లో ఆస్కార్ ఫుంగ్స్ట్ అనే మనస్తత్వవేత్త పరీక్షించి చూస్తే, ప్రశ్న అడిగిన మనిషి తనకు తెలియకుండానే తలను కదిలించే తీరును బట్టి అది ఎప్పుడు ఆపాలో గ్రహిస్తోందని తేలింది. అంతటి చూపున్న జంతువు బకెట్టు మారితే గమనించకుండా ఎలా ఉంటుంది?

గిట్టలవైద్యం:
నేను పశువైద్యుణ్ణి. ఈ చర్చలో గడియారం, మేత రెండూ కలిసిపోతున్నాయి, వాటిని విడదీసి చూడాలి.

పచ్చిక మీద వదిలిన గుర్రం రోజులో పదహారు గంటల దాకా మేస్తూనే ఉంటుంది. దాని కడుపు చిన్నది, అందులో ఆమ్లం మాత్రం మేత ఉన్నా లేకున్నా ఊరుతూనే ఉంటుంది. అటువంటి జంతువుకు రోజుకు రెండు పూటలు గింజల దాణా వేసి, మధ్యలో గంటల తరబడి ఖాళీ తొట్టి ముందు నిలబెడితే, దాని ఎదురుచూపంతా ఆ రెండు వేళల మీదికే చేరుతుంది. వంతు కాస్త ఆలస్యమైనా తల్లడిల్లడం అందువల్లనే. ఎప్పుడూ ఎండుగడ్డి అందుబాటులో ఉన్న శాలల్లో దాణా వేళ కొద్దిగా అటూ ఇటూ అయినా పట్టించుకునే గుర్రాలు తక్కువే. కాబట్టి వేళను నిమిషాల లెక్కన కాపాడాలా వద్దా అని వాదించుకునే ముందు గడ్డి సంగతి చూడండి.

అయితే మేతలోని పదార్థాన్ని మాత్రం శిక్షణ పేరుతో మార్చకండి. పీచును పులియబెట్టే సూక్ష్మజీవులు పెద్దపేగులో ఉంటాయి, కొత్త మేతకు అవి సర్దుకోవడానికి వ్యవధి కావాలి. గడ్డి రకం మారినా, దాణా మారినా వారం నుంచి రెండు వారాల్లో కొద్దికొద్దిగా కలుపుతూ మార్చాలి. ఉన్నట్టుండి మారిస్తే శూల, అంటే తీవ్రమైన కడుపునొప్పి, వచ్చే ప్రమాదం పెరుగుతుంది. ఇది గుర్రం స్వభావంతో నిమిత్తం లేని విషయం.

ఇంకొక మాట. ఈ బెదురు ఈ మధ్యనే మొదలైతే దాన్ని స్వభావమని తేల్చేయకండి. కడుపులో పుండ్లు, పళ్లు, వెన్ను, కళ్లు, జీను కుదురు అన్నీ పరీక్షించాలి. తల ఊపడాన్ని ఆపడానికి తలుపుకు ఊచలు బిగించడం వల్ల ఆ కదలిక ఆగవచ్చు కానీ, దానికి కారణమైన ఒత్తిడి అలాగే ఉంటుంది.

పాతరౌతు:
మేత మార్చమని నేను అనలేదు, అది అందరికీ తెలిసిందే. నా ప్రశ్నకు మాత్రం ఎవరూ జవాబివ్వలేదు. అత్యవసరం వచ్చినప్పుడు ఈ గుర్రాన్ని కదిలించడం ఎలా? నా చేతిలో పెరిగిన గుర్రాలు గొడుగు తెరిచినా, టార్పాలిన్ రెపరెపలాడినా కదలకుండా నిలబడతాయి.

పచ్చికబయలు:
నేర్పాలనడంలో మీతో నాకు పేచీ లేదు, గింజుకున్నా తగ్గకూడదన్న మాటతోనే పేచీ. పారిపోయే దారి లేదని గ్రహించిన గుర్రం కూడా కదలకుండా నిలబడుతుంది. దాన్ని ధైర్యమనుకుని వాహనం ఎక్కించబోతే అసలు భయం అక్కడ బయటపడుతుంది. చూపును బట్టి తేల్చుకోలేకపోతే నాడి పట్టి చూడండి. ఎదిగిన గుర్రానికి విశ్రాంతిలో నిమిషానికి 28 నుంచి 44 సార్లు కొట్టుకునే గుండె దీనికి ఎంత వేగంగా ఉందో తెలుస్తుంది.

నేను చేసే పద్ధతి ఇది. ఒకసారికి ఒకే మార్పు, అది కూడా గుర్రం చెవులు నిక్కించి చూస్తూనే గడ్డి నమలగలిగేంత దూరంలో మొదలుపెడతాను. నమలడం ఆగిందంటే దూరం చాలలేదని అర్థం, అది పారిపోవాలనుకోక ముందే వెనక్కి తీసుకువెళతాను. మిగిలినవన్నీ, అంటే నడిపించే మనిషి, పగ్గం పట్టే తీరు, ఆగమనే సంకేతం, ఆ రోజు మారవు. వాహనం ఎక్కడం కూడా ఇలాగే, అవసరం లేని రోజుల్లోనే నేర్పాలి.

జంటకట్టు:
ఎవరూ అడగని ప్రశ్న ఒకటి ఉంది: పక్క గదిలో ఏ గుర్రం ఉంది? బకెట్టు మారితే మనకు కనిపిస్తుంది, తోటి గుర్రం వెళ్లిపోతే అది మనకు నిర్వహణ వ్యవహారం మాత్రమే. గుర్రం నిలబడి కునుకు తీయగలదు కానీ, గాఢమైన స్వప్ననిద్రకు పడుకోవలసిందే. కాపు కాసే తోడు లేదనిపిస్తే పడుకోదు. అలా రోజుల తరబడి నిద్ర చాలని గుర్రం ప్రతిదానికీ ఉలిక్కిపడితే అందులో వింతేముంది?

గడ్డిమేటు:
పక్క గది ఆడగుర్రం ఈ ఏడాది వేరే శాలకు వెళ్లింది, ఆ గది ఇంకా ఖాళీగానే ఉంది. ఇది ఎక్కడైనా పడుకుందా అంటే ఉదయం దాని ఒంటికి గదిలో పరిచిన పొట్టు అంటుకుని ఉండటం ఇటీవల నేను చూడలేదు. ముందుగా వైద్యపరీక్ష చేయించి, రాత్రంతా సరిపోయేలా వలసంచిలో గడ్డి కట్టి, ఖాళీ గదిలోకి నెమ్మదస్తురాలైన ముసలి ఆడగుర్రాన్ని తీసుకురావాలని అనుకుంటున్నాను. అయితే ఇవి మూడూ ఒకేసారి చేస్తే దేనివల్ల మేలు కలిగిందో తెలియదు కదా?

గిట్టలవైద్యం:
తెలియకపోయినా నష్టం లేదు. పరీక్షను, గడ్డిని ఆలస్యం చేయకండి. కడుపులో పుండ్లు ఉంటే చికిత్స వారాల తరబడి సాగుతుంది కాబట్టి, గడ్డి పెట్టిన మరునాడే మార్పు కనిపించలేదని నిరాశ పడవద్దు. ఇస్తున్న గడ్డి రకాన్నే పెంచండి, కొత్త రకం తేవద్దు.

పాతరౌతు:
ఆడగుర్రాన్ని తెస్తే ఉన్న చిక్కుకు ఇంకొకటి తోడవుతుంది. ఇది దానికి అతుక్కుపోయి, దాన్ని సవారీకి తీసుకువెళ్లిన ప్రతిసారీ సకిలిస్తూ గది అంతా తిరుగుతుంది. తేవాలనుకుంటే మొదటి వారం నుంచే రెండింటినీ కొద్దికొద్దిసేపు విడిగా ఉంచడం అలవాటు చేయండి. కావాలంటే పచ్చికబయలు గారి పద్ధతిలోనే చేయండి, నాకు అభ్యంతరం లేదు.