బ్లూస్ జూనియర్‌లో ట్యూబులు మారిస్తే క్లీన్ టోన్ నిలుస్తుందా?

కాకినాడ_స్ట్రాట్
నాది ఫెండర్ బ్లూస్ జూనియర్ గిటార్ యాంప్, ట్యూబులది, 15 వాట్లు. ఆదివారం చర్చిలో వాయిస్తాను. డ్రమ్స్ మధ్య వినపడాలని వాల్యూమ్ 3 దాటిస్తే చాలు, గరగరమంటోంది. మెల్లగా సాగే ఆరాధన పాటలకి ఆ గరగర అస్సలు నప్పదు, అది లేని క్లీన్ టోన్ కావాలి. లోపల మూడు 12ఏఎక్స్7 (సిగ్నల్‌ని ముందుగా పెంచే చిన్న ట్యూబులు), రెండు ఈఎల్84 (స్పీకర్‌ని నడిపే పవర్ ట్యూబులు) ఉన్నాయి. మొత్తం సెట్టు మార్చెయ్యమని ఒకరు, ఖరీదైన బ్రాండ్ వేస్తే సరిపోతుందని ఇంకొకరు అంటున్నారు. స్వయంగా మార్చి విన్నవాళ్లు చెప్పండి.

గోల్కొండ_గెయిన్
మొత్తం మార్చకు బ్రో, పైసలు దండగ. ఇన్‌పుట్ జాక్‌కి దగ్గరున్న ట్యూబ్ వీ1. అదొక్కటి మార్చి చూడు. 12ఏఎక్స్7 గెయిన్ లెక్క, అంటే సిగ్నల్‌ని ఎన్ని రెట్లు పెంచుతదో అది, 100. అదే సాకెట్‌లో కూర్చునేవే 5751కి 70, 12ఏటీ7కి 60, 12ఏవై7కి 44 దాకా, 12ఏయూ7కి 20 లోపు. ఇవి కాగితం మీది లెక్కలు. సర్క్యూట్‌లో 12ఏఎక్స్7 కూడా 50–60 రెట్లే పెంచుతది. తేడా మాత్రం చెవికి తెలుస్తది. ఫెండర్ పాత యాంప్ ట్వీడ్ డీలక్స్‌లో మొదటి సాకెట్‌లో ఫెండర్ వాళ్లే 12ఏవై7 పెట్టిన్రు. నా దాంట్ల 5751 ఉంది, ఇగ తియ్యను.

బెంగళూరు_తెలుగోడు
12ఏటీ7 మాత్రం వద్దు. లెక్క చూస్తే మధ్యలో ఉంది కదా అని పెట్టాను, సన్నగా, గీసుకున్నట్టు వినపడింది. అది బాగా ఎక్కువ కరెంటుతో నడవడానికి తయారైన ట్యూబు. 12ఏఎక్స్7 కోసం పెట్టిన రెసిస్టర్ల మధ్య దానికి కావలసినంత కరెంటు అందదు.

గోల్కొండ_గెయిన్
వీ1లో సరే. ఫేజ్ ఇన్వర్టర్‌లో, అంటే సిగ్నల్‌ని రెండు పవర్ ట్యూబులకి ఎదురెదురుగా పంచే సాకెట్‌లో, 12ఏటీ7 మంచిగుంటది. ఫెండర్ డీలక్స్ రివర్బ్ యాంప్‌లో అక్కడ ఉన్నది అదే.

వాల్వురేడియో_మేస్త్రి
బాబూ, ముందు చెయ్యి జాగ్రత్త. లోపల 300 వోల్టులకు పైనే ఉంటుంది. ప్లగ్ పీకినా ఫిల్టర్ కెపాసిటర్లలో ఛార్జి కొంతసేపు నిలిచే ఉంటుంది. ట్యూబు మార్చడానికి ఛాసిస్, అంటే సర్క్యూట్ ఉన్న లోహపు పెట్టె, విప్పే పనే లేదు, విప్పకు. ఆపి, చల్లారాక, తిన్నగా కిందికి లాగు. అటూ ఇటూ ఊపితే పిన్నులు వంగుతాయి. స్పీకర్ తీసేసి ఎప్పుడూ ఆన్ చెయ్యకు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది.

ట్యూబు పైన వెండి రంగు మచ్చ తెల్లబడితే లోపలికి గాలి వెళ్లినట్టే, పారెయ్యి. గాజు మీద నీలి వెలుగు కనిపిస్తే కంగారు పడక్కర్లేదు. ట్యూబు లోపలి లోహపు ప్లేటు ఎర్రగా కాలుతుంటే మాత్రం ఆ క్షణమే ఆపు.

ఈఎల్84లు మార్చేటప్పుడు మ్యాచ్ చేసిన జతే తీసుకో. నీ యాంప్‌లో బయాస్ (వాయించకపోయినా పవర్ ట్యూబుల్లో పారే కరెంటు) సర్దుకునే స్క్రూ పెట్టలేదు, కాబట్టి జత కుదరకపోతే నువ్వు సరిచేసేది ఏమీ ఉండదు.

కాకినాడ_స్ట్రాట్
మేస్త్రి గారూ, పాత రేడియోల్లోంచి తీసిన బీఈఎల్ (భారత్ ఎలక్ట్రానిక్స్) ట్యూబులు పెట్టొచ్చా? మా తాతగారి పెట్టెలో కొన్ని ఉన్నాయి.

వాల్వురేడియో_మేస్త్రి
12ఏఎక్స్7 అనో ఈసీసీ83 అనో రాసి ఉంటే పెట్టొచ్చు, రెండూ ఒకటే. బీఈఎల్ వాళ్లు ఫిలిప్స్ సహకారంతో బెంగళూరులో చేసిన సరుకు, గట్టిది. కానీ ముందు టెస్టర్ మీద చూపించు. పెట్టాక పెన్సిల్‌తో మెల్లగా తట్టు. స్పీకర్‌లో గంట మోగినట్టు వస్తే అది మైక్రోఫోనిక్ అయింది, అంటే అదురునే శబ్దంగా మారుస్తోంది, వీ1కి పనికిరాదు. రేడియోలోని వేరే నంబర్లవి మాత్రం సాకెట్‌లో పట్టాయి కదా అని గుచ్చకు.

డాలస్_బావ
బ్రాండ్ల గురించి నా మాట. ఇప్పుడు దొరికే పేర్లు డజను ఉన్నా ఫ్యాక్టరీలు వేళ్ల మీద లెక్కే. స్లొవేకియాలో జేజే ఉంది. టంగ్-సోల్, సోవ్‌టెక్, ఎలక్ట్రో-హార్మోనిక్స్, కొత్త ముల్లార్డ్ అన్నీ రష్యాలో సరాటోవ్‌లో ఒకే చోట తయారవుతాయి. మిగతావి చైనావి. 2022లో రష్యా ఎగుమతులు ఆపినప్పుడు ఇక్కడ ధరలు ఎగిరిపోయాయి. ఒకే నంబర్‌లో బ్రాండ్ మారిస్తే తేడా ఉంటుంది, కానీ చిన్నది. బ్యాండ్ మధ్యలో వినపడేంత ఉండదు.

బెంగళూరు_తెలుగోడు
వినపడదు అంటే ఒప్పుకోను బావా. ట్రెబుల్‌లో స్పష్టంగా తెలుస్తుంది. ఇంట్లో ఒంటరిగా వాయిస్తే మరీనూ.

డాలస్_బావ
ఇంట్లో సరే. తను అడిగింది చర్చిలో, డ్రమ్స్ పక్కన.

కాకినాడ_స్ట్రాట్
రెండూ తెప్పించి చూశాను. 12ఏవై7తో క్లీన్ చాలా దూరం వెళ్లింది, హిస్ కూడా తగ్గింది. కానీ ఓవర్‌డ్రైవ్ పెడల్ తొక్కితే ప్రాణం లేనట్టుంది, సోలో ముందుకు రావట్లేదు. 5751 దగ్గర ఆగాను. ఇదివరకు 3 దగ్గర మొదలైన గరగర ఇప్పుడు 5 దాకా లేదు. ఒక్క సందేహం: నాబ్ ఎక్కువ తిప్పగలుగుతున్నాను గానీ, మొత్తం శబ్దం అంత పెరిగినట్టు లేదేమిటి?

గోల్కొండ_గెయిన్
పెరగదు మరి. వీ1 మార్చితే నాబ్ తిరిగే దూరమే పెరుగుతది. వాట్లు ఈఎల్84లవి, ట్రాన్స్‌ఫార్మర్‌ది, అవి అట్లనే ఉన్నయ్. ముందు స్టేజి గరగర పోయింది, 15 వాట్ల హద్దు పోలేదు.

డాలస్_బావ
ఇంకా గట్టిగా కావాలంటే స్పీకర్ చూడు. సెన్సిటివిటీ, అంటే ఒక్క వాట్‌కి వచ్చే శబ్దం, 97 డెసిబెల్స్ ఉన్నది తీసి 100 ఉన్నది పెడితే, యాంప్ వాట్లు రెట్టింపు చేసినట్టే. టోన్ కూడా ఏ ట్యూబూ మార్చలేనంత మారుతుంది.

వాల్వురేడియో_మేస్త్రి
12 అంగుళాలది, 8 ఓములదే తీసుకో బాబూ. కొనేముందు మ్యాగ్నెట్ లోతు కొలుచుకో. ట్యూబులు పైనుంచి తలకిందులుగా వేలాడుతుంటాయి, లావుపాటి మ్యాగ్నెట్ అయితే వాటికి తగలొచ్చు.