నార్వేలోని ఫోక్‌స్టుమీరా, డోవ్రెఫ్యెల్ కొండలు: జూన్‌లో పిల్లలతో వెళ్లొచ్చా?

ఓస్లో_శ్రీను: జూన్ చివర్లో డొంబోస్ వైపు వెళ్తున్నాం. ఫోక్‌స్టుమీరా పక్షుల రిజర్వులో పిల్లలు నడవగలరా? రైలు నయమా, కారా? దోమలెలా ఉంటాయి?

పిట్టలపిచ్చి: ఏప్రిల్ 25 నుంచి జూలై 8 దాకా గుర్తులున్న బాట దాటి అడుగు పెట్టకూడదు. గూళ్లు పెట్టే కాలం. 1923 నుంచి కాపాడుకొస్తున్న చిత్తడినేల అది. పోయినేడు ఎవరో ఫొటో కోసం చెక్కబాట దిగి నాచులోకి నడిచారు, క్రేన్ కొంగల జంట అరుచుకుంటూ లేచిపోయింది. ఇప్పటికీ తలుచుకుంటే ఒళ్లు మండుతుంది.

గుంటూరు_మిర్చి: పిట్టల కోసం అంత దూరమా? పైకెళ్లి మొస్కుస్ ఎద్దుల్ని (కస్తూరి ఎద్దులు, ఒళ్లంతా పొడుగు జుట్టుండే అడవి జంతువులు) చూడండి. కాంగ్స్‌వోల్ నుంచి నడిచి బాగా దగ్గర్నుంచి వీడియో తీశాం. ఆ ఎద్దు మేస్తూనే ఉంది, ఏమీ అనలేదు.

ట్రొండ్‌హైమ్_రమణ: పిల్లలతో వెళ్లేవాళ్లకి ఇదా చెప్పేది? కనీసం 200 మీటర్ల దూరం ఉండాలని అక్కడ అందరికీ చెప్తారు. 1964లో మొస్కుస్ ఎద్దు దాడిలో ఒక పెద్దాయన ప్రాణం పోయింది.

గుంటూరు_మిర్చి: నేను పశువుల మధ్య పెరిగినవాణ్ణి. ఏది పొడుస్తుందో చూడగానే తెలుస్తుంది. మీరు నేర్పక్కర్లేదు.

ట్రొండ్‌హైమ్_రమణ: మీ ఇంటి గేదె కాదండీ అది. తల ఊపినా, బుస కొట్టినా, ముక్కు ముంగాలికి రుద్దినా మీద పడబోతోందని అర్థం. గంటకు 60 కిలోమీటర్ల వేగంతో వస్తే ఎటు పరిగెడతారు? 1947 నుంచి 1953 మధ్య గ్రీన్‌లాండ్ నుంచి తెచ్చి వదిలిన వాటి సంతతి అది. వేసవిలో తరిమితే వేడికి దానికే ప్రాణం మీదికొస్తుంది.

లక్ష్మి_బెర్గెన్: గొడవ ఆపండి బాబూ. శ్రీను గారూ, యెర్కిన్ దగ్గర వ్యూపాయింట్ స్నోహెట్టా అనే అద్దాల గదికి వెళ్లండి. పార్కింగ్ నుంచి కిలోమీటరున్నర నడక. లోపల పొయ్యి వెలుగుతుంటుంది, అద్దంలోంచి 2286 మీటర్ల స్నోహెట్టా కొండ కనిపిస్తుంది. మా చిన్నది చెక్కబెంచీ దిగనంది.

పిట్టలపిచ్చి: మళ్లీ కొండలేనా! ఫోక్‌స్టుమీరాలో రఫ్ పిట్టని చూడండి. ఈ చిత్తడినేల పిట్ట చలికాలంలో మన పులికాట్‌లోనూ కనిపిస్తుంది, కానీ మెడచుట్టూ ఆ ఈకల పట్టీ అక్కడ ఉండదు. మగవి పట్టీలు విప్పుకుని పోటీపడేది ఈ ఉత్తర దేశాల్లోనే, అదీ మే, జూన్‌లలోనే.

గుంటూరు_మిర్చి: వీడియో పెడతాను, చూసి మాట్లాడండి.

ట్రొండ్‌హైమ్_రమణ: పెట్టకండి. చూసి ఇంకో పదిమంది దగ్గరికెళ్తారు.

ఓస్లో_శ్రీను: దోమల సంగతి?

పిట్టలపిచ్చి: బాగా కుడతాయి, నిండు చేతుల చొక్కాలు వెయ్యండి. బాట మొత్తం 7 కిలోమీటర్లు. చిన్నవాళ్లుంటే పిట్టల్ని చూసే టవర్ దాకా వెళ్లి వెనక్కి వచ్చెయ్యండి. రైలైతే డొంబోస్‌లో దిగి మళ్లీ బండి వెతుక్కోవాలి, కారే నయం.