శ్రీలంక పర్యాటకుల తగ్గుదల: ఏ నెలను ఏ నెలతో పోల్చాలి?

ప్రశ్న:
శ్రీలంకకు 2018లో 23,33,796 మంది విదేశీయులు వస్తే 2019లో 19,13,702 మంది వచ్చారు. తగ్గింది 18 శాతం. కానీ ఏప్రిల్ 21న ఈస్టర్ పేలుళ్లు జరిగాక, మార్చిలో 2,44,328 ఉన్న సంఖ్య మేలో 37,802కి పడిపోయింది. అంటే 85 శాతం! హోటల్ గదుల అంచనాకు ఏ లెక్క పట్టుకోవాలి?

జవాబు 1:
రెండూ వద్దండీ. మార్చి పక్కన మేని పెట్టకూడదు. నైరుతి రుతుపవనాలు వచ్చే వేళకు నైరుతి తీరంలోని బీచ్ ఊళ్లు బెంటోట, హిక్కడువ వైపు సముద్రం రేగుతుంది, సీజన్ అయిపోతుంది. పేలుళ్లు లేని 2018లోనూ మార్చిలో 2,33,382 మంది వస్తే మేలో వచ్చింది 1,29,466 మందే. మేని మేతోనే పోల్చండి, 71 శాతం తగ్గుదల కనిపిస్తుంది.

ఏడాది మొత్తం తీసుకుంటే ఇంకో చిక్కు. 2019 మొదటి మూడు నెలలు అంతకుముందు ఏడాది కన్నా బాగున్నాయి. ఆ నెలలు దెబ్బను కప్పేశాయి. మే నుంచి డిసెంబర్ వరకు విడిగా కూడండి: 14,45,443 కాస్తా 10,06,127 అయింది. అసలు దెబ్బ 30 శాతం.

జవాబు 2:
పై లెక్క సరైనదే, కానీ గదులు నింపేది తలలు కాదు, రాత్రులు. సగటు బస 10.8 రాత్రుల నుంచి 10.4కి తగ్గింది. తలలను దానితో గుణిస్తే ఏడాది మీద 18 శాతం కాస్తా 21 అవుతుంది.

దేశాలవారీగా కూడా విడదీయండి. భారత్ నుంచి 4.25 లక్షలు 3.55 లక్షలైతే, చైనా నుంచి 2.66 లక్షలు 1.68కి జారాయి. చైనావాళ్లలా బృందాలుగా వచ్చేవాళ్ల మీదే ఆధారపడితే ప్రమాదం: ఏజెంటు ఒక్క టూరు రద్దు చేస్తే బస్సెడు మంది గదులు ఒకేసారి ఖాళీ అవుతాయి.

ప్రశ్న అడిగినవారు:
మరి కోలుకుంటున్నట్టు ఎలా గుర్తుపట్టాలి?

జవాబు 1:
ముందటేడు అదే నెలతో తేడా సన్నగిల్లుతోందా చూడండి. మేలో 71 శాతం, జులైలో 47, ఆగస్టులో 28, డిసెంబర్‌లో 5 లోపే. 2019 ఆగస్టు 1 నుంచి 48 దేశాలవారికి వీసా రుసుము తాత్కాలికంగా ఎత్తేశారు, ఈ మెరుగులో దాని పాలూ ఉండొచ్చని గుర్తుంచుకోండి. సెప్టెంబర్ దగ్గరే చాలామంది పొరబడతారు. ఆగస్టులో 1,43,587 మంది, సెప్టెంబర్‌లో 1,08,575. మళ్లీ పడిపోయిందని గాభరాపడి రేట్లు తగ్గించేస్తారు. 2018 సెప్టెంబర్‌తో పోలిస్తే తేడా 27 శాతమే, ఆగస్టు కన్నా ఒక మెట్టు మెరుగు.