క్రీడాకారుడిపై లైంగిక దాడి ఫిర్యాదు: విచారణకు మా అమ్మాయిని ఎలా సిద్ధం చేయాలి?

అందరికీ నమస్కారం. అమెరికాలో డిగ్రీ రెండో సంవత్సరం చదువుతున్న మా అమ్మాయి, తనపై లైంగిక దాడి చేశాడంటూ తమ విశ్వవిద్యాలయ ఫుట్‌బాల్ జట్టు ఆటగాడిపై ఆరు వారాల క్రితం టైటిల్ నైన్ (విద్యాసంస్థల్లో లింగ వివక్షను నిషేధించే అమెరికా సమాఖ్య చట్టం) ఫిర్యాదులు చూసే విశ్వవిద్యాలయ కార్యాలయానికి రాతపూర్వకంగా ఫిర్యాదు చేసింది. అతను ప్రతి శనివారం మైదానంలో ఆడుతూనే ఉన్నాడు. భోజనశాల గోడపై అతని నిలువెత్తు చిత్రం ఉండటంతో ఈ పిల్ల అటు వెళ్లడం మానేసి, గదిలోనే అటుకులు తడుపుకుని తింటోంది.

నేరం తేలేవరకు శిక్ష వేయరాదన్న నియమాన్ని నేను కాదనను. అయితే జట్టు సహాయ శిక్షకుడొకరు మా అమ్మాయి స్నేహితురాలికి ఫోన్ చేసి ఆరా తీశారని తెలిసినప్పటి నుంచి నాకు నిద్ర పట్టడం లేదు. 2016లో బేలర్ విశ్వవిద్యాలయం తన ప్రధాన ఫుట్‌బాల్ శిక్షకుణ్ణి తప్పించినప్పుడు బయటపడిన లోపాల్లో, ఫిర్యాదులను ఫుట్‌బాల్ విభాగమే సొంతంగా ఆరా తీయడం ఒకటి.

టైటిల్ నైన్ కింద 2020లో వచ్చిన సమాఖ్య నిబంధనల ప్రకారం, ప్రత్యక్ష విచారణలో ఆమెను అవతలి పక్షం సలహాదారు నేరుగా ప్రశ్నిస్తారు. మన తరఫున సలహాదారు ఎవరూ లేకపోతే విశ్వవిద్యాలయమే ఒకరిని ఉచితంగా ఇస్తుంది గానీ, వారు న్యాయవాదే అయి ఉండనక్కరలేదు. ఇలాంటి విచారణను దగ్గరగా చూసినవారు దయచేసి చెప్పండి: సొంత న్యాయవాదిని పెట్టుకోవడం తప్పనిసరా? ఆ ఫోన్ సంగతి ఇప్పుడే రాసి ఇవ్వాలా, విచారణ దాకా ఆగాలా? సమాఖ్య విద్యాశాఖ పౌరహక్కుల కార్యాలయానికి ఫిర్యాదు చేయడానికి సాధారణంగా 180 రోజులే గడువు కాబట్టి, ఇక్కడ నిర్ణయం రాకముందే అక్కడికీ వెళ్లడం మంచిదేనా?