కొత్త ఎనిమోనీకి లైటు: మెల్లగా పెంచాలా, మొదటి రోజే పూర్తిగా వేయాలా?

కొత్తట్యాంక్:
నమస్తే. మా ఉప్పునీటి ట్యాంకు పెట్టి పది నెలలైంది. నిన్న బబుల్ టిప్ ఎనిమోనీ (పువ్వులా కనిపించే సముద్రజీవి) తెచ్చాను. షాపులో అది మసక నీలి లైటు కింద ఉండేది, మా ఎల్‌ఈడీ వెలుగు చాలా ఎక్కువ. మెల్లగా అలవాటు చేయమని కొందరు, పూర్తి లైటు వేసి దాని చోటు దాన్నే వెతుక్కోనివ్వమని కొందరు అంటున్నారు. రాత్రి నుంచి టెన్షన్‌గా ఉంది.

రాతిపాదం:
పూర్తి లైటే వేయండి. పగడంలా ఉన్నచోటే ఉండిపోయే జీవి కాదు, దీనికి పాదం ఉంది. వెలుగు ఎక్కువైతే రాయి చాటుకు పోతుంది. తక్కువైతే వెతుక్కుంటూ అద్దం ఎక్కుతుంది. లైటు తగ్గించి పెట్టిన రోజుల్లోనే నాది వేవ్‌మేకర్‌లో (నీటిని కదిలించే పంపు) పడి ముక్కలైంది. ఆ వాసన, ఆ నీళ్లు ఇప్పటికీ మర్చిపోలేదు.

ఉప్పునీళ్లు:
అన్నా, తిరుగుతుందన్నది నిజమే. కానీ అది కదలడానికి గంటలు, ఒక్కోసారి రోజులు పడుతుంది. ఆలోపే లోపల దెబ్బ తగులుతుంది. ఎనిమోనీకి తిండి పెట్టేది దాని కణాల్లో కాపురముండే ఆల్గే, అంటే కంటికి కనపడనంత చిన్న నాచు. మసకలో ఉన్న ఆల్గే, దొరికిన కాస్త వెలుగునూ వదలకుండా పట్టుకోవడానికి రంగు పెంచుకుని ఉంటుంది. దానిమీద ఒక్కసారిగా పెద్ద లైటు పడితే వాడుకోలేనంత శక్తి లోపలికి వస్తుంది. దాంతో పుట్టే ఆక్సిజన్ రాడికల్స్ కణాలను పాడుచేస్తాయి, ఎనిమోనీ ఆల్గేను బయటికి తోసేస్తుంది. తెల్లబడడం అంటే అదే.

నాది మొదటి రోజే రాయి కిందికి దూరితే చోటు దొరికిందని సంతోషపడ్డాను. పదో రోజుకు పాలిపోయింది. వారానికి రెండుసార్లు చిన్న రొయ్య ముక్క పెడుతూ వచ్చాను. మళ్లీ గోధుమ రంగు రావడానికి ఐదు నెలలు పట్టింది.

ఇప్పుడైతే 40 శాతంతో మొదలుపెట్టి వారానికి పది చొప్పున పెంచుతాను. గంటలు మాత్రం తగ్గించను, రోజూ 8 గంటలు ఉంచుతాను. గంటలు తగ్గించినా వెలిగినంతసేపూ అదే తీవ్రత పడుతుంది కదా.

రాతిపాదం:
ఆల్గే సంగతి ఒప్పుకుంటాను. నీడ దొరికే ట్యాంకులో ఇంత జాగ్రత్త అక్కర్లేదని మాత్రం ఇప్పటికీ అంటాను. తమ్ముడూ, లైటు తగ్గిస్తే ముందు వేవ్‌మేకర్‌కు స్పాంజి తొడుగు. ఇంతకీ నీది ఏ రంగులో ఉంది? తెల్లగా వచ్చిందయితే నేనూ పూర్తి లైటు వేయమనను. ఆల్గే పోయినదానికి తక్కువ లైటు, చేతి తిండే దిక్కు.

కొత్తట్యాంక్:
ఇప్పుడే చూశాను అన్నా. గోధుమ రంగే, నోరు గట్టిగా మూసుకుని ఉంది. మా రాళ్లలో పెద్దగా నీడ లేదు, అందుకే 40కి దించాను. స్పాంజి కట్టాకే పడుకుంటాను.