అప్పు చేసి కిరాయిల కోసం ఇల్లు కొనొచ్చా? (మహబూబ్‌నగర్)

పాలమూరు_టీచర్:
2016లో మెడికల్ కాలేజీ వచ్చినప్పటి నుంచి మన దగ్గర టులెట్ బోర్డు పెట్టీపెట్టగానే ఎత్తేస్తున్నారని అందరూ అంటుంటే నాకూ ఆశ పుట్టింది. న్యూటౌన్ వైపు రెండు పోర్షన్ల ఇల్లు 60 లక్షలకు ఉంది, పోర్షన్‌కు 8 వేలు వస్తాయట. చేతిలో 20 ఉన్నాయి, మిగతా 40 లోన్. కిరాయిలతోనే ఈఎంఐ వెళ్లిపోతుంది, ఇల్లు ఊరికే మిగులుతుందని మా బావమరిది ఒకటే పోరు.

నల్లగొండ_లెక్కలు:
మీ బావమరిది ఈఎంఐ ఎంతో అడిగాడా సార్? 40 లక్షలు, 8.5 శాతం, 20 ఏళ్లంటే నెలకు దాదాపు 34,700. కిరాయి 16 వేలు. మిగతా 18,700 మీ జీతంలోంచి పోవాల్సిందే. ఏడాదికి వచ్చేది 1,92,000, అంటే 60 లక్షల మీద 3.2 శాతం, అదీ ఒక్క నెల కూడా ఖాళీ లేకుంటే, మోటారు కాలకుంటే, కిరాయిదారు మారినప్పుడల్లా సున్నం వేయించకుంటే. ఇంటి పన్ను వేరే. రిజిస్ట్రేషన్‌కు ఏడున్నర శాతం చొప్పున ఇంకో నాలుగున్నర లక్షలు. ఎఫ్‌డీలో వేసి కూసున్నా ఇంతకన్నా ఎక్కువ మిత్తి వస్తది.

జడ్చర్ల_అక్క:
ఎఫ్‌డీ రేటు పెరుగుతుందా తమ్ముడూ? గజం ధర పెరుగుతుంది, కిరాయి కూడా పెరుగుతుంది. పోలేపల్లి సెజ్‌లో ఫార్మా కంపెనీలు వచ్చినంక మా దిక్కు రూములకు ఎంత గిరాకీ ఉందో వచ్చి చూడు. ఒక్క పోర్షన్‌లో నలుగురు బ్యాచిలర్లు ఉంటే ఫ్యామిలీ ఇచ్చేదానికన్నా ఎక్కువే ఇస్తరు.

నల్లగొండ_లెక్కలు:
అక్కా, పెరిగేది భూమి. దానికి ప్లాట్ కొంటే చాలు, ఇల్లెందుకు? అమ్మినప్పుడు లాభం మీద 12.5 శాతం పన్ను కూడా ఉంది. ఇక గిరాకీ అంటారా, మిర్యాలగూడ దగ్గరి దామరచర్లలో థర్మల్ ప్లాంట్ కట్టేటప్పుడు వచ్చిన పనివాళ్లను చూసి మిర్యాలగూడ కిరాయిలు లెక్కేసుకుంటే, పని అయిపోయినంక ఎవరుంటరు? మెడికల్ కాలేజీ పిల్లలు కూడా ఎక్కువ మంది హాస్టల్లోనే ఉంటరు, బయట ఇల్లు వెతికేది నర్సులు, స్టాఫ్.

ఆదాయ పన్ను సంగతి కూడా చూసుకోండి సార్. మొదటి ఏడాది మిత్తే 3.37 లక్షల దాకా అవుతుంది. కిరాయిలో ఖర్చుల కింద చట్టం వదిలేసే 30 శాతం తీసేస్తే మిగిలే 1.34 లక్షలకు ఈ మిత్తి సర్దుబాటు అవుతుంది, పైన పడే రెండు లక్షల నష్టాన్ని మాత్రం కొత్త విధానంలో జీతం మీద చూపించలేరు. పాత విధానంలో ఏడాదికి 2 లక్షల వరకు చూపొచ్చు.

మిర్యాల_మేస్త్రి:
అన్నా, మీకు సొంతిల్లు ఉందా? ఉంటే పైన అంతస్తు వేయండి. 900 అడుగులకు, అడుగుకు 1,700 వేసుకున్నా 15 లక్షల పైచిలుకు, మీ చేతిలో ఉన్న పైసల్లోనే అయిపోతది. 8 వేల కిరాయికి ఆరు శాతం పైనే గిట్టుబాటు, ఎందుకంటే జాగకు మళ్లీ పైసలు పెట్టట్లేదు కదా. కానీ పిల్లర్లు మోస్తయో లేదో ఇంజినీర్‌కు చూపించనిదే ఇటుక తేకండి. 500 చదరపు మీటర్ల లోపు జాగ, 10 మీటర్ల లోపు ఎత్తు అయితే పర్మిషన్ ఆన్‌లైన్‌లో సెల్ఫ్ సర్టిఫికేషన్‌తో వస్తది. పైపోర్షన్‌కు కరెంట్ మీటర్ వేరే పెట్టించండి, లేకుంటే నెలనెలా బిల్లు దగ్గర లొల్లి. ఎండాకాలం బోరు ఎండితే ట్యాంకర్ ఎవరు తెప్పించాలో అగ్రిమెంట్‌లోనే రాయండి. 11 నెలలకే రాస్తారు, ఏడాది దాటితే రిజిస్టర్ చేయించాలి కాబట్టి.

పాలమూరు_టీచర్:
సొంతిల్లు ఉంది, ఒక్క స్లాబే. నాన్న ఎన్ని అంతస్తులకు పిల్లర్లు లేపించాడో కనుక్కోవాలి. పైన కిరాయిదారులుంటే ప్రశాంతత ఉండదని ఇంట్లో ఇప్పటికే టెన్షన్ మొదలైంది.

జడ్చర్ల_అక్క:
అయినా నేను కొనమనే అంటా. మెట్లు బయటి నుంచి పెట్టలేని ఇంట్లో పైన కిరాయికి ఇస్తే రోజూ తలనొప్పే. కొనేముందు మాత్రం ఆ లేఅవుట్‌కు పర్మిషన్ ఉందా, లేకుంటే ఎల్‌ఆర్‌ఎస్ (పర్మిషన్ లేని లేఅవుట్‌ను క్రమబద్ధం చేసే ఫీజు) కట్టారా అడుగు. అది లేకుంటే బ్యాంకోళ్లు ఫైలే ముట్టరు.